ఆరో ఏడు ఆ బడిలో ఎవరుంటారు?

(ప్రవాస మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మన ముందు ఒక ప్రతిపాదన ఉన్నది. మన ఊళ్లలోని సర్కారు బడులకు, బడికి పది చొప్పున కంప్యూటర్లు కొనిద్దాం, దానికోసం చందాలు పోగుచేద్దాం అని. ఈ ప్రతిపాదన పెట్టిన దోస్తుల మనసు మంచిది. అందులో ఎవరికీ అనుమానం లేదు. నాకిచ్చిన సమయంలో నేను ఒకే ఒక్క ప్రశ్న మీ ముందు పెట్టదలచుకున్నాను. మనమిచ్చిన పైసలు అయిపోయి, ఐదేళ్లు గడిచిన తర్వాత, ఆరో ఏడు ఆ గదిలో పిల్లలకు పాఠం ఎవరు చెప్తారు?

నేను ఐటీ కన్సల్టెంటును. ఈ హాల్లో సగం మంది అదే పనిలో ఉన్నారు కాబట్టి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర లేదు. కొత్త సిస్టం మొదలైన రోజు అందరూ ఫోటోలు దిగుతారు, కేకు కోస్తారు. కానీ రెండేళ్ల తర్వాత దాన్ని ఎవరు చూసుకుంటారు, ఆ ఖర్చు ఏ పద్దు కింద వస్తుంది అనేది ముందే రాసుకోని ప్రాజెక్టు చివరికి మూలకు పడుతుంది. ఆఫీసులో ఏ కొత్త ప్రాజెక్టు వచ్చినా మనం మొదట అడిగే ప్రశ్న ఇదే. మన ఊరి బడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అడగడం మర్చిపోతాం. దానం కదా, ఏం అడుగుతాంలే అనుకుంటాం.

బడుల్లో కంప్యూటర్ సైన్స్ కోసం నిధులు ఇవ్వడం గురించి మనం బతుకుతున్న ఈ దేశానికి పదేళ్ల అనుభవం ఉన్నది. ముందు ఆ ముచ్చట చెప్పి, తర్వాత మన దగ్గరికి వస్తాను.

2016 జనవరిలో అధ్యక్షుడు ఒబామా "అందరికీ కంప్యూటర్ సైన్స్" అనే కార్యక్రమాన్ని ప్రకటించారు. రాష్ట్రాలకు 400 కోట్ల డాలర్లు, నేరుగా స్కూల్ డిస్ట్రిక్టులకు మరో 10 కోట్ల డాలర్లు ఇవ్వాలని బడ్జెట్‌లో ప్రతిపాదించారు. పత్రికలన్నీ రాశాయి. కానీ ఆ 400 కోట్లకు కాంగ్రెస్ ఒప్పుకోలేదు. ఆ డబ్బు రాలేదు. 2017 సెప్టెంబర్ 25న అధ్యక్షుడు ట్రంప్, ఏటా కనీసం 20 కోట్ల డాలర్ల గ్రాంట్లు సైన్స్, గణితం, కంప్యూటర్ సైన్స్ చదువులకు వెళ్లేలా చూడమని విద్యాశాఖను ఆదేశించారు. ఆ మరునాడే పెద్ద టెక్ కంపెనీలు కలిసి ఐదేళ్లలో 30 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. అయితే ప్రభుత్వం చెప్పిన ఆ 20 కోట్లు కొత్తగా తెచ్చినవి కావు. అప్పటికే ఉన్న గ్రాంట్లలో ఈ చదువులకు ప్రాధాన్యం ఇవ్వమన్నారు, అంతే.

ఇక్కడ మొదటి పాఠం. ప్రకటించిన నిధి ఒకటి, మంజూరైన నిధి ఒకటి, పాత పైసలకు పెట్టిన కొత్త పేరు ఇంకొకటి. ఈ తేడా మనకు ఎవరూ నేర్పనక్కర లేదు. తెలంగాణ మిగులు నిధుల లెక్క తేల్చడానికి ఒక్క 1969లోనే లలిత్ కుమార్ కమిటీ, జస్టిస్ భార్గవ కమిటీ అని రెండు కమిటీలు వేయాల్సి వచ్చిన చరిత్ర మనది. కాగితం మీద కేటాయింపు చూసి సంబరపడకుండా, ఖర్చు ఎక్కడ జరిగిందో అడగడం మన ఉద్యమం మనకు నేర్పిన అలవాటు. ఆ అలవాటు చదువుల విషయంలో కూడా ఉండాలె.

రెండో పాఠం ఇంకా ముఖ్యమైనది. 2015 డిసెంబర్‌లో ఈ దేశంలో కొత్త పాఠశాల విద్యా చట్టం వచ్చింది. "ప్రతి విద్యార్థీ విజయం సాధించాలి" అనే అర్థం వచ్చే పేరు దానిది. సమగ్ర విద్య అంటే ఏమేం ఉండాలో చెప్పే జాబితాలో కంప్యూటర్ సైన్స్‌ను కూడా చేర్చారు. ఆ చట్టం నాలుగో అధ్యాయం కింద డిస్ట్రిక్టులకు గ్రాంట్లు వస్తాయి. అందులో ఒక చిన్న నిబంధన ఉన్నది. ఆ గ్రాంటులో సాంకేతికత కోసం వాడే భాగంలో 15 శాతానికి మించి పరికరాలకు, సాఫ్ట్‌వేర్‌కు, నెట్‌వర్క్‌కు ఖర్చు పెట్టకూడదు. మిగతాది టీచర్ల శిక్షణకు, పాఠాలకు, బోధనకు వాడాలె.

ఎందుకు పెట్టారు ఆ నిబంధన? పైసలు చేతికి రాగానే ఏ బడి అయినా మొదట చేసే పని పెట్టెలు కొనడం. పెట్టెలు కనబడతాయి, ఫోటోలో పడతాయి, ఆడిట్‌లో లెక్క చూపించడం సులువు. ఒక లెక్కల టీచరు ఎండాకాలం సెలవుల్లో మూడు వారాలు కూర్చుని ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే అది ఫోటోలో పడదు. అందుకే చట్టమే ఒక గీత గీయాల్సి వచ్చింది. ప్రపంచంలో కంప్యూటర్లు కొనగలిగిన స్తోమత అందరికంటే ఎక్కువ ఉన్న దేశమే ఇట్లా గీత గీసుకుంటే, మనం నూటికి నూరు శాతం పెట్టెల మీదనే పెడదామంటున్నాం.

అర్కాన్సా రాష్ట్రం సంగతి చూడండి. అది ధనిక రాష్ట్రం కాదు, ఎక్కువ భాగం పల్లెలే. 2015లో గవర్నర్ ఏసా హచిన్సన్ ప్రతి ప్రభుత్వ హైస్కూల్లో కంప్యూటర్ సైన్స్ కోర్సు ఉండి తీరాలని చట్టం తెచ్చారు. దానికి పెట్టిన నిధి 50 లక్షల డాలర్లు. దాంట్లోంచి టీచర్లను తయారు చేసుకున్నారు. టీచరు లేని బడిలో కూడా కోర్సు దొరికేలా ఆన్‌లైన్ తరగతుల దారి తెరిచారు. మొదటి ఏడాదిలోనే ఆ కోర్సులు తీసుకున్న పిల్లలు సుమారు 1,100 నుంచి దాదాపు 4,000కు పెరిగారు. న్యూయార్క్ నగరం అదే ఏడాది పదేళ్ల ప్రణాళిక ప్రకటించింది. 8 కోట్ల 10 లక్షల డాలర్లు, అందులో సగం ప్రైవేటు దాతలవి. దాని గుండెకాయ కూడా టీచర్ల శిక్షణే. సుమారు ఐదు వేల మంది టీచర్లను తయారు చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. దాతల డబ్బు తీసుకున్నా, బడి, టీచరు, జీతం మాత్రం ప్రభుత్వానివే.

మరి పదేళ్లలో ఏం సాధించారు? కోడ్ డాట్ ఆర్గ్ అనే సంస్థ ఏటా వేసే లెక్క ప్రకారం 2018లో ఈ దేశంలోని ప్రభుత్వ హైస్కూళ్లలో 35 శాతం చోట్ల కంప్యూటర్ సైన్స్ కోర్సు ఉండేది. 2024 నాటికి అది 60 శాతం అయింది. అది గొప్ప మార్పే. కానీ అదే నివేదికలో ఇంకో అంకె ఉన్నది. ఒక ఏడాదిలో ఆ కోర్సు తీసుకునే హైస్కూలు పిల్లలు 6.4 శాతం మాత్రమే. బడిలో కోర్సు ఉండటం వేరు, పిల్ల ఆ తరగతిలో కూర్చోవడం వేరు. వెనకబడిందెవరు? పల్లె బడులు, చిన్న బడులు, పేద పిల్లలు, ఆడపిల్లలు.

దీనికి ఒక కారణం గ్రాంటు ఇచ్చే పద్ధతిలోనే ఉన్నది. ఇది మూడో పాఠం. కొన్ని గ్రాంట్లు పిల్లల సంఖ్యను, పేదరికాన్ని బట్టి సూత్రం ప్రకారం పంచుతారు. ఇంకొన్ని పోటీ గ్రాంట్లు. మంచి దరఖాస్తు రాసినవాళ్లకు వస్తాయి. మంచి దరఖాస్తు ఎవరు రాస్తారు? ఆ పనికి ప్రత్యేకంగా మనిషిని పెట్టుకోగలిగిన పెద్ద డిస్ట్రిక్టు రాస్తుంది. ఇద్దరు గుమాస్తాలతో నడిచే పల్లె డిస్ట్రిక్టు రాయలేదు. అందుకే విద్యలో కొత్త ప్రయోగాల కోసం ఇచ్చే ఫెడరల్ పోటీ గ్రాంట్లలో 25 శాతం గ్రామీణ ప్రాంతాలకు పక్కన పెట్టాలని చట్టంలో రాశారు. ఇది చదివినప్పుడు నాకు మన జిల్లాలే గుర్తుకొచ్చాయి. అడగడం వచ్చినవాడికే అందే నిధి, అవసరం ఉన్నవాడికి అందదు. మనం కూడా ఏ ఊరి వాళ్లు ఇక్కడ ఎక్కువ మంది ఉంటే ఆ ఊరి బడికే ఇస్తున్నాం. ఎవరూ అమెరికా రాని తండాలోని బడి పేరు మన జాబితాలో ఎప్పుడైనా వచ్చిందా?

ఇక బయటి దేశాల అనుభవాలు రెండు క్లుప్తంగా చెప్తాను.

పెరూ దేశం "పిల్లకో ల్యాప్‌టాప్" పథకం కింద ఎనిమిది లక్షలకు పైగా ల్యాప్‌టాప్‌లు కొన్నది. 319 గ్రామీణ బడుల్లో చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. లెక్కల్లోనూ భాషలోనూ పిల్లల చదువు మెరుగుపడిన ఆనవాలు కనబడలేదు. తార్కిక శక్తిని కొలిచే పరీక్షల్లో మాత్రం కొంచెం మెరుగు కనబడింది. పెట్టె ఇచ్చారు, దాన్ని పాఠంలో ఎట్లా వాడాలో టీచరుకు సరిగా నేర్పలేదు.

ఇంగ్లండ్‌లో 2014 సెప్టెంబర్ నుంచి ఐదేళ్ల పిల్లల దగ్గర్నుంచి కంప్యూటింగ్ తప్పనిసరి పాఠ్యాంశం చేశారు. ఆలోచన గొప్పది. కానీ టీచర్లను ముందు తయారు చేసుకోలేదు. మూడేళ్ల తర్వాత రాయల్ సొసైటీ పరిశీలించి, ఈ చదువు కొన్నిచోట్లే సరిగ్గా ఉన్నదని, అది కూడా బలంగా లేదని తేల్చింది. అప్పుడు ప్రభుత్వం 8 కోట్ల 40 లక్షల పౌండ్లు తీసి, 8,000 మంది టీచర్లకు శిక్షణ ఇస్తామన్నది. మొదట చేయాల్సిన పని చివర చేశారు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. బడికి కంప్యూటర్ ఇచ్చే పథకం మనకు కొత్త కాదు. 1984లోనే కేంద్ర ప్రభుత్వం "క్లాస్" అనే పేరుతో బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపింది. 2004లో ఐసీటీ ఎట్ స్కూల్స్ పథకం వచ్చింది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో సుమారు ఐదు వేల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ గదులు పెట్టారు. పద్ధతి ఏమిటంటే, ప్రైవేటు కంపెనీ కంప్యూటర్లు పెడుతుంది, ఐదేళ్లు నడుపుతుంది, చివరికి బడికి అప్పగిస్తుంది. పాఠం చెప్పే పిల్లలను కూడా కంపెనీయే కొద్దిపాటి జీతం మీద పెట్టుకున్నది. 2013లో గడువు అయిపోయింది. యంత్రాలు బడికి మిగిలాయి. పాఠం చెప్పే మనుషులు ఇంటికి పోయారు.

ఆ తర్వాత ఏమైందో మీలో ఊరికి పోయి బడి చూసొచ్చిన వాళ్లకు తెలుసు. తాళం వేసిన గది. లోపల బట్ట కప్పిన మానిటర్లు. తాళం చెవి హెడ్‌మాస్టర్ దగ్గర. పోతే జవాబు తనదే అవుతుందని ఆయన గది తెరవడు. ఆయనను తప్పుపట్టి లాభం లేదు. పాఠం చెప్పే మనిషి లేని గదిని తెరిచి ఆయన ఏం చేస్తాడు?

ఇప్పుడు సమగ్ర శిక్ష కింద ఉన్న లెక్క చెప్తాను. ఒక బడిలో కంప్యూటర్ ల్యాబ్‌కు ఒక్కసారి ఇచ్చే గ్రాంటు 6 లక్షల 40 వేల రూపాయల దాకా. ఆ తర్వాత ఐదేళ్ల పాటు ఏడాదికి 2 లక్షల 40 వేల దాకా నిర్వహణ ఖర్చు. కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. నిర్వహణ అంటే నెలకు 20 వేలు. అందులోనే కరెంటు, ఇంటర్నెట్, మరమ్మతులు, పాఠం చెప్పే మనిషి జీతం అన్నీ సర్దుకోవాలె. ఇవన్నీ పోగా ఒక చదువుకున్న మనిషికి ఎంత మిగులుతుందో, అతను ఆ బడిలో ఎన్నాళ్లు ఉంటాడో మీరే లెక్క వేసుకోండి. పైగా ఇదీ ఐదేళ్లే. అందుకే నేను ఆరో ఏడు గురించి అడుగుతున్నాను.

2020 జాతీయ విద్యావిధానం ఆరో తరగతి నుంచి కోడింగ్ నేర్పాలని చెప్పింది. బాగున్నది. ఎవరు నేర్పుతారు? నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం మూడు మాటలు ఒక్క ఊపిరిలో అన్నాం. నిధులు, నియామకాలు పక్కపక్కన ఉన్నది ప్రాస కోసం కాదు. నియామకం లేని నిధి సామాన్ల బిల్లుగా మిగులుతుంది.

వేరే దారి లేదా అంటే ఉన్నది, మన పక్కనే ఉన్నది. కేరళ 2001లో ఐటీ ఎట్ స్కూల్ మొదలుపెట్టింది. బడిలో అప్పటికే ఉన్న లెక్కల టీచర్లకు, సైన్స్ టీచర్లకు శిక్షణ ఇచ్చింది. వాళ్లలోంచే మిగతావాళ్లకు నేర్పే మాస్టర్ ట్రైనర్లను తయారు చేసింది. లైసెన్సుల ఖర్చు లేకుండా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడింది. టీచరు బడి మనిషి కాబట్టి ఏ ఒప్పందం ముగిసినా ఆయన పోడు. 2017లో ఆ ప్రాజెక్టును కైట్ అనే ప్రభుత్వ సంస్థగా మార్చారు. పాతికేళ్ల తర్వాత కూడా అది నడుస్తున్నది. కారణం ఒక్కటే, చదువు మనుషుల మీద నిలబడ్డది.

కాబట్టి మన ప్రతిపాదనను కొట్టేయమని నేను అనడం లేదు, తిరగరాయమంటున్నాను. నా సూచనలు ఇవి.

ఒకటి. మనం పోగుచేసే ప్రతి వంద రూపాయల్లో యంత్రాలకు ముప్పై మించకూడదు. మిగతా డెబ్బై ఐదేళ్ల మీద పరిచి ఖర్చు పెడదాం. టీచర్ల సెలవుల శిక్షణకు, వాళ్ల రానుపోను ఖర్చులకు, మరమ్మతులకు, బ్యాటరీలకు. బ్యాటరీ చిన్న విషయం అనుకోకండి. కరెంటు పోయినప్పుడు పనిచేయని ల్యాబ్ సగం రోజులు మూసే ఉంటుంది.

రెండు. బడిని ఎంచుకునే ముందు ఆ బడిలో కంప్యూటర్ పాఠం చెప్పడానికి ముందుకొచ్చే ఇద్దరు టీచర్ల పేర్లు కావాలె. ఒక్కరు కాదు, ఇద్దరు. ఒకరు బదిలీ అయితే ఇంకొకరు ఉండాలె. పాఠశాల యాజమాన్య కమిటీలోని తల్లిదండ్రులు ఆ మాట మీద సంతకం పెట్టాలె. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో, యంత్రం చెడితే ఎవరికి చెప్పాలో ఆ కాగితంలోనే రాసుకోవాలె.

మూడు. చట్టం సంగతి. మనలో అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చే డబ్బు భారత చట్టం ప్రకారం విదేశీ విరాళమే, ఓసీఐ కార్డు ఉన్నా సరే. దాన్ని తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలె. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తీసుకున్న విదేశీ విరాళాన్ని మరో సంస్థకు మళ్లించడం కుదరదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదన నుంచి ఇచ్చేదానికి ఈ లెక్క వర్తించదు. చుట్టాల ఖాతాలో వేసి ఇప్పిద్దాం అనే అడ్డదారులు వద్దు. మనకు ఏమీ కాకపోవచ్చు, అక్కడ సంతకం పెట్టిన మనిషి చిక్కుల్లో పడతాడు.

నాలుగు. మన జిల్లాల్లో ల్యాబులకు వచ్చిన గ్రాంటు ఎంత, ఖర్చయింది ఎంత, బోధించే మనుషులు ఎందరు అని సమాచార హక్కు కింద అడగాలె. భారత పౌరులే అడగగలరు కాబట్టి ఆ బాధ్యత పాస్‌పోర్టు మార్చుకోని మిత్రులది, ఊర్లో ఉన్న మన తమ్ముళ్లది. ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా ఇదే ప్రశ్న అడగాలె. మనవాళ్ల ప్రభుత్వమని ఊరుకుంటే పిల్లలకు న్యాయం జరగదు.

ఐదు. ఇది ఇక్కడికి సంబంధించింది. టీల్స్ అనే కార్యక్రమం గురించి వినే ఉంటారు. 2009లో మైక్రోసాఫ్ట్ ఇంజనీరు కెవిన్ వాంగ్ మొదలుపెట్టాడు. మనలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు హైస్కూలు టీచరు పక్కన నిలబడి కోర్సు చెప్తారు. కొన్నాళ్లకు టీచరు సొంతంగా చెప్పగలిగే స్థాయికి వస్తాడు, వలంటీరు పక్కకు తప్పుకుంటాడు. ఆరో ఏడు ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నేను చూడలేదు. మన ఊరి టీచర్లకు కూడా ఇదే పద్ధతిలో మనం తోడు నిలబడవచ్చు. వారానికి ఒక గంట, వీడియో మీద, తెలుగులో, ఒక బడిలోని ఇద్దరు టీచర్లతో రెండేళ్లు. చెక్కు రాయడం కంటే ఇది కష్టం. కానీ మన దగ్గర డబ్బు కంటే విలువైనది ఈ విద్యే.

కొందరు మిత్రులు అడగబోయేది నాకు తెలుసు. "పిల్లలు కనీసం కంప్యూటర్ ముట్టుకుంటారు కదా, ఏమీ లేనిదానికంటే అది నయం కదా?" నేను కూడా ఇంజనీరింగ్ కాలేజీలో చేరేదాకా కంప్యూటర్ ముట్టుకోలేదు, ఆ ఆశ ఎంతటిదో నాకు తెలుసు. కానీ ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోను ఉన్నది. తెర ముట్టుకోవడం పిల్లలకు లోటు కాదు. తెర వెనక ఏం జరుగుతుందో చెప్పే మనిషే లోటు. "ఏఐ వచ్చింది, కోడింగ్ ఎందుకు?" అని ఇంకొందరు అడుగుతారు. యంత్రం చెప్పిన జవాబు ఒప్పో తప్పో తేల్చుకోగలగాలంటే అది ఎట్లా పనిచేస్తుందో తెలియాలె. తెలియకపోతే మన పిల్లలు అది చెప్పిందల్లా నమ్మేవాళ్లుగానే మిగులుతారు. టీచరు అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది.

మూడో మాట ఒకటి ఉన్నది, అది న్యాయమైనది. "పోస్టులు వేయడం సర్కారు పని, మనమేం చేయగలం?" నిజమే, జీతం సర్కారే ఇవ్వాలె. మనం ఇచ్చే ఐదేళ్ల తోడు ఆ పోస్టుకు బదులు కాదు. ఈ ఐదేళ్లలో ఆ బడిలో పిల్లలు నిజంగా నేర్చుకున్నారని ఊరు కళ్లారా చూస్తే, ఆరో ఏడు ఆ టీచరు కోసం ఊరే అడుగుతుంది. తాళం వేసిన గది కోసం ఏ ఊరూ ధర్నా చేయదు. నడిచే తరగతిని ఆపితే మాత్రం తల్లిదండ్రులు ఊరుకోరు.

ఈ సాయంత్రం ఓటింగ్‌కు ముందు నేను కోరేది ఇంతే. ప్రతిపాదన కాగితం మీద "ఎన్ని కంప్యూటర్లు" అని ఉన్న గడి పక్కన ఇంకో రెండు గడులు గీయండి. "బోధించేది ఎవరు?" అని ఒకటి, "ఆరో ఏడు ఎవరు?" అని ఇంకొకటి. ఆ రెండు గడులు నిండిన బడికి మొదటి చెక్కు నేను రాస్తాను.



జై తెలంగాణ.